చుక్కబర్రె ఈనిన రోజు

పగిడయ్య తాళ్లను ఒక్కొక్కటే తొట్టిలో ముంచి, రాతి మీద బాది, పిండి ఇనప బోను మీద ఆరేస్తున్నాడు. పశువులను కదలకుండా నిలబెట్టే ఆ బోను దమ్మపేట పశువుల ఆసుపత్రి ఆవరణకు నడిమధ్యన ఉంటుంది. నిన్న సాయంత్రం ఒక ఎద్దు గిట్టకు కట్టు కడుతుంటే తాళ్లకు చీమూ పేడా అంటుకున్నాయి. అట్లాగే చుట్టి పెడితే ఎండి గట్టిపడి, రేపు ఇంకో పశువు మెడను ఒరుస్తాయి.

యాభై దాటిన మనిషి. పొట్టివాడు గానీ భుజాలు ఒంటికి మించిన వెడల్పు. అరచేతుల నిండా తాళ్లు కోసిన గీతలు, వాటి మీద కాయలు. కుడిచేతి చిటికెన వేలు బయటికి వంగి ఉంటుంది. ఎప్పుడో ఒక దున్న తన్నింది. ఏ ఏడో అతనికే గుర్తులేదు.

వంగిన ప్రతిసారీ అతని ఎడమ చెయ్యి దానంతటదే కుడి గజ్జ మీదికి పోయి అక్కడ అదిమి పట్టుకుంటుంది. చూసేవాళ్లు నిక్కరు సర్దుకుంటున్నాడనుకుంటారు. లోపల పాతచీర పేలిక నాలుగు మడతలు పెట్టి బిగించి కట్టి ఉంటుందని భార్య కొండమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. పడిపోయిన ఎద్దును లేపబోయినప్పుడు పేగు జారింది. మొదట్లో రేగుపండంత ఉండేది. పడుకుంటే లోపలికి పోయేది, లేస్తే వచ్చేది. ఇప్పుడు బత్తాయి అంత అయింది.

అతనిది దుమ్ముగూడెం దగ్గర గోదావరి ఒడ్డు కోయగూడెం. మీసం రాకముందే దమ్మపేట వచ్చి, వెంకటనారాయణ అనే రైతు దగ్గర పశువులు కాసేవాడు. వాటిని వైద్యానికి తోలుకొచ్చినప్పుడు ఎంత పొగరు గిత్త అయినా వీడు మెడ కింద చెయ్యి వేసి ఏదో కోయమాట గొణిగితే నిలబడిపోవడం అప్పటి డాక్టరు చూశాడు. రైతును అడిగి తీసుకుని రోజుకూలీగా పెట్టుకున్నాడు. తర్వాత అటెండరు ఉద్యోగం పర్మినెంటయింది. డాక్టర్లు వచ్చారు, బదిలీ మీద వెళ్లారు. పగిడయ్య మాత్రం అక్కడే ఉన్నాడు. ఊడ్చేవాడు, సూదులు ఉడకబెట్టేవాడు, కోళ్లకు టీకాల డబ్బా మోసుకుని ఊళ్లు తిరిగేవాడు. అయినా ఎవరైనా నీ పనేందంటే "పట్టుకునుడు" అనే చెప్పేవాడు. పట్టుకోలేని మనిషిని ఎవరుంచుకుంటారు? అందుకే పేలిక సంగతి బయట పెట్టలేదు.

ఇంకో కారణమూ ఉంది. పొట్ట కండ చిరిగి పేగు జారిన పశువులను ఆ బోనులో అతను ఎన్నింటినో పట్టుకున్నాడు. చిన్న చిరుగైతే కుట్టు నిలిచేది. పెద్దదైతే అంచులను లాగి లాగి కుట్టేవారు. పశువు లేచి దగ్గినా, గట్టు ఎక్కినా కుట్టు కండను కోసుకుంటూ తెగిపోయేది. అట్లాంటి ఒక ఆవు అతని ఒళ్లో తల పెట్టుకునే చచ్చిపోయింది. తనను కోస్తే తనకూ గంతే అని మనసులో పడిపోయింది.

నాలుగో తాడు పిండుతుండగా గేటు దగ్గర సైకిలు పడేసి హాతీరాం పరుగెత్తుకొచ్చాడు. దగ్గరి తండా మనిషి.

"అన్నా, చుక్కబర్రె నొప్పులు పడుతున్నది. చీకటితోని మొదలైనయ్. ఒక్క కాలే అవుపడుతున్నది. సోమ్లి ఏడుస్తున్నది."

పగిడయ్య చేతిలోని తాడు తొట్టిలో జారిపోయింది. "సారూ!" అని కేకేశాడు. ఆ గొంతు విని డాక్టర్ ఉదయ్ భాస్కర్ చెప్పులు లేకుండానే బయటికి వచ్చాడు.

చుక్క ఆ ఇద్దరూ మరిచిపోయే పశువు కాదు. నుదుట తెల్లమచ్చ ఉన్న ఆ గేదె పోయిన ఏడాది ఎండాకాలంలో ఇంకా ఎదకు రాని పడ్డ. పామాయిల్ తోట పక్కన మేస్తుంటే ఒక ఆబోతు కుమ్మింది. తోలు చిరగలేదు గానీ లోపల కండ జానెడు మేర చిరిగి, పేగులు తోలు కిందికి జారాయి. పొట్టకు కుండ కట్టినట్టు వేలాడేది. సత్తుపల్లి నుంచి కటికవాళ్లు వచ్చి చూసిపోయారు. ఇచ్చేద్దామన్నాడు హాతీరాం. చంటిపిల్లలా పెంచిన అతని భార్య సోమ్లి ఒప్పుకోక, దాన్ని నడిపించుకుంటూ ఆసుపత్రికి తెచ్చింది.

ఉదయ్ భాస్కర్ అప్పటికి కొత్త. చిరుగు చూసి, తనకు పాఠాలు చెప్పిన నిర్మలాదేవి మేడంకు ఫోన్ చేశాడు. ఆమె సత్తుపల్లిలో పశువైద్య శిబిరానికి వచ్చి ఉంది. మర్నాడు జీపు దిగినప్పుడు ఆమె చేతిలో ఒక గాజుసీసా. సీసాలో నీళ్లు, నీళ్లలో అరచెయ్యంత తెల్లటి పొర.

"ఏంది మేడం అది?" అనడిగాడు పగిడయ్య.

"గేదె గుండె చుట్టూ ఒక సంచి ఉంటుంది. ఇది కబేళా నుంచి తెచ్చిన గేదెది. దాన్ని మందునీళ్లలో రోజులకు రోజులు కడిగాం. దాంట్లో జీవకణాలన్నీ కరిగిపోయాయి. ఇక మిగిలింది ఉత్త నేత."

"చచ్చిన బర్రెది బతికున్న బర్రెకు అతికిస్తరా? చీము పట్టదా?"

"కడగకుండా వేస్తే పడుతుంది. పరాయి కణాలను ఒళ్లు ఉండనివ్వదు. అందుకే ఇల్లు ఖాళీ చేయించాం అనుకో. మనుషులు పోయారు, గోడలున్నాయి. ఇప్పుడీ పడ్డ సొంత కణాలు వచ్చి అందులో కాపురం పెడతాయి."

"కిరాయికా మేడం?"

ఆమె ఫక్కున నవ్వింది. "కిరాయికొచ్చి సొంతం చేసుకుంటాయి. పాత గోడలు మెల్లగా తీసేసి తమవి కట్టుకుంటాయి. కొన్నాళ్లకు నేను వేసిన అతుకు వెతికినా దొరకదు. అంతా దాని కండే. అయితే నమ్మకంగా చెప్పలేను పగిడయ్యా. కొన్నింటికి బాగా నిలిచింది. ఒకటి రెండింటికి నిలవలేదు."

ఆ చివరి మాటకు అతనికి ఆమె మీద గురి కుదిరింది. నిలవకపోవచ్చని ముందే చెప్పిన డాక్టరును అతను అంతకు ముందు చూడలేదు.

సోమ్లి అతన్ని పక్కకు పిలిచింది. "అన్నా, నీ బర్రె అయితే కోయిస్తవా?"

"కోయిస్త చెల్లె."

ఆ మాట అంటున్నప్పుడు అతని ఎడమ చెయ్యి గజ్జ మీదనే ఉంది.

పడ్డకు మత్తిచ్చి పడుకోబెట్టారు. తల పగిడయ్య ఒళ్లో. చిరుగు అంచులను ఎవరూ లాగలేదు. ఖాళీ మీద ఆ తెల్లపొర పరిచి, అంచుల వెంట దగ్గర దగ్గరగా కుట్టుకుంటూ పోయింది నిర్మలాదేవి. పాతబస్తాకు గుడ్డముక్క వేసినట్టే ఉందనుకున్నాడు. చేతులు కడుక్కుంటూ ఆమె మామూలుగా అడిగింది.

"నీది ఎన్నాళ్ల నుంచి?"

"ఏంది మేడం?"

"పట్టుకుంటున్నావే, అది."

"గ్యాసు మేడం."

"ఊఁ, గ్యాసే. మా తమ్ముడు ఖమ్మంలో సర్జన్. మనుషులకు ప్లాస్టిక్ జాలీ వేసి కుడతారు. అదీ ఇట్లాంటిదే, లాగి కుట్టరు. వెళ్లాలనిపిస్తే ఉదయ్‌కి చెప్పు."

అతనికి వెళ్లాలనిపించలేదు. కానీ ఆ రోజు నుంచి తండా వైపు ఏ పని పడినా చుక్క దగ్గర ఆగేవాడు. పొట్ట కింద చెయ్యి పెట్టి చూసేవాడు. వానాకాలం వచ్చేసరికి మచ్చ మీద వెంట్రుక మొలిచింది. చుక్క గట్లు ఎక్కింది, చెరువులో పొర్లింది. ఎదకొచ్చినప్పుడు చూలు సూది వేయించడానికి తోలుకొస్తే బోనులో దాన్ని పట్టుకున్నది తనే. చూలు నిలిచాక మాత్రం అతనికి కంటి మీద కునుకు తగ్గింది. మోయడం వేరు, ఈనడం వేరు. నొప్పులు పట్టి ముక్కేటప్పుడు పొట్ట మీద పడే బలం అతనికి తెలుసు.

డాక్టరు బైకు వెనక సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు పగిడయ్య. మట్టిరోడ్డు మీద బైకు గంతు వేసినప్పుడల్లా పళ్లు బిగబట్టాడు.

కొట్టంలో చుక్క ఎడమపక్కకు పడుకుని ఉంది. కళ్లు తేలేసింది. సోమ్లి దాని మెడ పట్టుకుని కూర్చుంది. ఆమె చేతుల దంతపు గాజుల నిండా నురగ.

ఉదయ్ భాస్కర్ చొక్కా విప్పి, భుజాల దాకా సబ్బు రాసుకుని, చెయ్యి లోపలికి పెట్టాడు. కొంచెం సేపు ఎటో చూస్తూ వెతికాడు.

"తల సరిగానే ఉంది. ఒక కాలు వెనక్కి మడత పడింది. దూడను లోపలికి నెట్టి కాలు తిప్పుకోవాలి. పగిడయ్యా, నువ్వు పొట్ట చూడు. ఎక్కడ మెత్తబడ్డా చెప్పు, ఆపేస్తాను."

పగిడయ్య పేడలోనే మోకాళ్ల మీద వాలి, మచ్చ మీద రెండు అరచేతులూ ఆనించాడు. చుక్క ముక్కింది. చేతుల కింద పొట్ట డప్పుతోలులా బిగిసింది. అతను ఊపిరి ఆపుకున్నాడు. తెగితే ముందు మెత్తబడుతుంది. తర్వాత వేళ్ల సందుల్లోకి పేగు పాములా కదులుతూ వస్తుంది. ఆ కదలిక అతనికి ఎరుకే, రోజూ తన చేతికి తగిలేదే. నొప్పి వచ్చింది, పోయింది. మళ్లీ వచ్చింది. చుక్క చెవి దగ్గర గొణిగే కోయమాటలనే ఇప్పుడు దాని పొట్టతో గొణుగుతున్నాడు.

"దొరికింది," అన్నాడు డాక్టరు. చెమట కళ్లల్లోకి కారుతోంది. "కాలు వచ్చింది. హాతీరాం, తాడు పట్టు. అది ముక్కినప్పుడే లాగాలి."

హాతీరాం ఒక్కడి బలం చాలలేదు. దూడ తల గడప దాటనంటోంది. చుక్క అలిసిపోయి ముక్కడం తగ్గించింది. పగిడయ్య ఒక్క క్షణం తన చేతుల వైపు చూసుకున్నాడు. తర్వాత సోమ్లితో "ఈడ చెయ్యి పెట్టు, తియ్యకు" అని చెప్పి లేచి తాడు అందుకున్నాడు.

కాళ్లు నేలకు తన్నిపెట్టి, వెనక్కి వాలి లాగాడు. ఇంకోసారి. మూడోసారి లాగినప్పుడు గజ్జలో ఏదో పట్టు వదిలినట్టయింది. పేలిక జారింది. కళ్ల ముందు పచ్చగా తిరిగింది. తాడు మాత్రం వదల్లేదు. జర్రున దూడ తడి గడ్డి మీదికి జారిపడింది. దానితో పాటే పగిడయ్యా వెనక్కి పడ్డాడు.

"దుడ్డె! ఆడదుడ్డె!" అని సోమ్లి అరిచింది. అంతలోనే, "అన్నా! ఏమైందన్నా?"

అతను రెండు చేతులతో గజ్జ పట్టుకుని ముడుచుకుపోయాడు. ఒళ్లంతా చెమట. ఉదయ్ భాస్కర్ వచ్చి అతని చేతులు తొలగించి చూశాడు. డాక్టరు ముఖం పాలిపోయింది.

"ఇన్నాళ్లూ దీన్ని పెట్టుకుని నా బోనులో ఎడ్లను పట్టావా నువ్వు?"

మంచం తెచ్చి, కాళ్ల కింద బస్తాలు పెట్టి, తల పల్లంగా పడుకోబెట్టారు. "ఊపిరి వదులు. బిగబట్టకు," అంటూ డాక్టరు మెల్లగా, చాలా మెల్లగా అదిమాడు. పగిడయ్యకు తండా పైన ఆకాశం తప్ప ఏమీ కనిపించలేదు. పోతే ఇక్కడే పోతానా అనుకున్నాడు. కొండమ్మకు చెప్పి రాలేదే అనుకున్నాడు. చాలాసేపటికి లోపల గుడగుడమని పేగు వెనక్కి జారింది. నొప్పి, దీపం తగ్గించినట్టు తగ్గింది.

"ఈసారి లోపలికి పోయింది. ఇంకోసారి ఇరుక్కుంటే పోదు. ప్రాణం మీదికి వస్తుంది. తెలుస్తోందా?"

"అవ్ సార్." మళ్లీ తనే అడిగాడు. "బర్రె పొట్ట చూసిండ్రా?"

డాక్టరు అతని ముఖంలోకి చూశాడు. "చూడలేదు. నిదానంగా లే. నువ్వే చూద్దువు."

చుక్క అప్పటికే లేచి నిలబడి దూడను నాకుతోంది. హాతీరాం భుజం పట్టుకుని పగిడయ్య దాని పక్కకు వెళ్లి, పొట్ట కిందికి చెయ్యి పోనిచ్చాడు. ముందు పైపైన. తర్వాత వేళ్లు లోతుగా నొక్కి. మచ్చకు ఈ చివర నుంచి ఆ చివర దాకా, మళ్లీ వెనక్కి. తోలు మీద గీత తగులుతోంది. దాని కింద కండ ఒక్కటే. ఎక్కడ పాతది ఆగిందో ఎక్కడ కొత్తది మొదలైందో అతని చేతికి చిక్కలేదు. కళ్లు మూసుకుని ఇంకోసారి వెతికాడు.

"అతుకు ఉన్నదా అన్నా?" సోమ్లి ఒంగి చూసింది.

"అతుకు లేదు చెల్లె," అన్నాడు. "ఈడ అతుకనేది లేదు. అంతా చుక్కే."

సోమ్లి చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతను చెయ్యి తియ్యలేదు. పొట్ట వెచ్చగా, ఊపిరికి పైకీ కిందికీ కదులుతోంది. అట్లా నిలబడే, తల తిప్పకుండా అన్నాడు.

"సార్. మేడం తమ్ముడు ఉన్నడు చూడు ఖమ్మంల. ఫోన్ కొట్టుండ్రి."

ఉదయ్ భాస్కర్ తడి చేతులు ప్యాంటుకు తుడుచుకుని, సిగ్నల్ కోసం చెరువు గట్టు ఎక్కాడు. అక్కడి నుంచి అతను గట్టిగా మాట్లాడటం, మధ్యలో చెయ్యి ఊపడం కొట్టంలోకి కనిపించింది. రాత్రికి చేరితే తెల్లారి పరీక్షలన్నీ చేసి, ఎల్లుండి ఆపరేషన్ చేస్తామన్నారట.

దూడ తాగగా మిగిలిన ముర్రుపాలు సోమ్లి ఒక క్యానులో పోసి హాతీరాం చేతికిచ్చి ఆటో ఎక్కించింది. పగిడయ్యను బైకు ఎక్కనివ్వలేదు డాక్టరు. ఆటోలోనే ఇంటికి పంపాడు.

ఆసుపత్రి వెనక రెండు గదుల రేకుల ఇల్లు. కొండమ్మ గుమ్మంలో విస్తరాకులు కుడుతోంది. ఆటో దిగిన మొగుణ్ని, ఆ మట్టినీ పేడనూ చూసి పుల్ల కింద పెట్టింది. హాతీరాం జరిగిందంతా చెప్పాడు. ఆమె ముఖంలో కోపమో ఏడుపో తేలలేదు.

"ఇన్నేండ్లు నేను చెప్తే ఇనలే," అన్నది. "బర్రె చెప్తే ఇన్నవ్."

ఆమె లేచి నీళ్లు కాగబెట్టింది. అతను స్నానం చేసేలోపు పాలల్లో బెల్లం తరిగి వేసి, మిరియాలు దంచి కలిపి, పొయ్యి మీద ఆవిరికి పెట్టింది. దుప్పటి, రెండు చీరలు, అతని తెల్లచొక్కా సంచీలో సర్దింది. బియ్యం డబ్బా మూత బిగించింది. కోళ్లగంప ఎదురింటి వాళ్లకు అప్పజెప్పింది. ఒక పనికీ ఇంకో పనికీ మధ్య ఎక్కడా ఆగలేదు. చూస్తుంటే, ఈ ప్రయాణానికి ఆమె ఎన్నాళ్ల నుంచో సిద్ధంగా ఉన్నట్టు అతనికి తోచింది.

పొద్దు వాలుతుండగా ఖమ్మం బస్సు కోసం ఇద్దరూ ఆసుపత్రి ముందుకు వచ్చారు. ఉదయ్ భాస్కర్ వరండాలో నిలబడి ఉన్నాడు. కొండమ్మ జున్నుగిన్నె తెచ్చి లోపల అతని బల్ల మీద పెట్టింది. "తినుండ్రి సారూ. చుక్కబర్రెది."

"మీరు తిన్నారా?"

"ఆయనకు ఒక ముక్క పెట్టిన."

పగిడయ్య తాళంచెవుల గుత్తి డాక్టరు చేతికి ఇచ్చాడు. ఇచ్చాక కూడా పోకుండా నిలబడ్డాడు. ఏదో అడగాలని ఉంది.

"ఏంటి, చెప్పు."

"సార్, కోసేటప్పుడు... నన్ను ఎవరు పట్టుకుంటరు?"

డాక్టరు నవ్వబోయి ఆగిపోయాడు. ముప్పై ఏళ్లుగా కోతకు వచ్చిన ప్రతి ప్రాణి తల ఒళ్లో పెట్టుకున్న మనిషి అడుగుతున్నాడు.

"ఎవరూ పట్టుకోనక్కర్లేదు. వెన్నులో సూది ఇస్తారు. నొప్పి తెలియదు."

"నేను పట్టుకుంట," అన్నది కొండమ్మ, సంచీ భుజాన వేసుకుంటూ. "లోపలికి రానిస్తే."

"నేను చెప్తాను. తలుపు దాకా రానిస్తారు," అన్నాడు డాక్టరు.

సత్తుపల్లి మీదుగా పోయే బస్సు దుమ్ము లేపుకుంటూ వచ్చి ఆగింది. కొండమ్మ ముందు ఎక్కి చెయ్యి అందించింది. అతను ఆ చెయ్యి పట్టుకుని, ఒక్కో మెట్టు చూసుకుంటూ ఎక్కాడు. కిటికీలో అతని తల ఒక్కసారి కనిపించింది. బస్సు పామాయిల్ తోటల మలుపు తిరిగింది.

నెల తిరిగేలోపే అతను ఈ గేటులోంచి నడుచుకుంటూ వస్తాడనీ, బరువెత్తవద్దంటే వినక డాక్టరు చేత రోజూ తిట్లు తింటాడనీ, చుక్క మళ్లీ ఈనేనాటికి తండాలో ముందుగా చేరేది అతనేననీ ఆ సాయంత్రం ఎవరికీ తెలియదు. ఉదయ్ భాస్కర్ బస్సు చప్పుడు వినిపించినంతసేపూ వరండాలోనే ఉండి, తర్వాత లోపలికి వచ్చి దీపం వేశాడు.

బల్ల మీద జున్నుగిన్నె ఉంది. లేత పసుపు రంగులో, మిరియాల పలుకులతో, ఒక ముక్క కోసిన చోట అంచు కూలకుండా నిలబడి, ఇంకా కొంచెం వెచ్చగా.